లిఫ్టు పక్కన అతికించిన ఆ కాగితం తీసేయండి

హైదరాబాద్ నగరంలోని అపార్ట్‌మెంట్ల, గేటెడ్ కమ్యూనిటీల సంక్షేమ సంఘాల గౌరవ అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు,



గత ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన ఒక కాగితం వెలిసింది. కింద సంఘం ముద్ర, కార్యదర్శి సంతకం. వీధి నుంచి తెచ్చిన కుక్కలను ఫ్లాట్లలో పెంచరాదు. ఇప్పటికే ఉన్నవాటిని లిఫ్టు ఎక్కించరాదు. మెట్ల మీద, సెల్లార్‌లో, మేడ మీద తిప్పరాదు. రాత్రిపూట మొరిగినట్టు ఫిర్యాదు వస్తే 15 రోజుల్లో వదిలించుకోవాలి. అంతవరకు నెలకు 500 రూపాయలు మెయింటెనెన్స్ అదనంగా కట్టాలి.

ఆ కాగితం రాసినవాళ్లు నాకు పరాయివాళ్లు కారు. పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకునే ఇరుగుపొరుగే. అదే సంఘంలో రెండేళ్లు నేనూ కోశాధికారిగా పనిచేశాను. బోరు ఎండిపోయిన వేసవిలో ట్యాంకర్ల కోసం నిద్ర మానుకుని గేటు దగ్గర కాపలా కాసిన కార్యదర్శులను చూశాను. జీతం లేని ఆ చాకిరీ మీద నాకు గౌరవం ఉంది. ఉంది కనకనే ఊరుకోలేకపోతున్నాను. ఇదే కాగితం దాదాపు ఇవే మాటలతో, నగరంలో తలో దిక్కున ఉన్న నా స్నేహితుల నోటీసు బోర్డుల మీదా కనిపిస్తోంది. ఒక వాట్సాప్ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు చేరుతోంది, సంతకం ఒక్కటే మారుతోంది. అందుకే ఈ లేఖ మీ అందరికీ రాస్తున్నాను.

కొత్తగా ఇంటికొచ్చిన కుక్కకు ఏం కావాలో, ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు మీలో ఎవరైనా ఎవరినైనా అడిగారా?

మా కుక్క చుక్కి ఇంటికి వచ్చి ఆ ఆదివారానికి 19 రోజులు. పక్క వీధిలో కాలువ పనులు జరిగే చోట పుట్టి పెరిగింది. నుదుటి మీద తెల్లచుక్క. చెవి కొసన కోత, అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి తెచ్చి వదిలారని గుర్తు. వయసు ఏడాదిన్నర ఉంటుందన్నారు డాక్టరు గారు. ఆ ఏడాదిన్నరలో అది నున్నటి టైల్స్ మీద ఒక్కసారీ నడిచి ఉండదు. మా హాల్లో అడుగు పెట్టగానే నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు జారి బోర్లా పడింది. అలాగే పాక్కుంటూ డైనింగ్ టేబుల్ కిందికి పోయింది. రెండు రోజులు అక్కడే. కుక్కరు విజిల్ వేస్తే వణుకు. మిక్సీ తిరిగితే గోడకు అతుక్కుపోయేది. పైన ఫ్యాను తిరుగుతుంటే దాన్నే చూస్తూ కన్ను మూసేది కాదు. మేం ఎదురుగా ఉంటే అన్నం ముట్టలేదు. దీపాలు ఆర్పి పడుకున్న చాలాసేపటికి గిన్నె నాకుతున్న చప్పుడు వినిపించింది. నేనూ మా ఆయనా ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకున్నాం, మేం మేలుకున్నామని తెలిస్తే ఎక్కడ మానేస్తుందోనని. మర్నాడు పాత బొంతలన్నీ తీసి టేబుల్ దగ్గర్నుంచి బాల్కనీ దాకా దారిలా పరిచాం. మూడో రోజు ఆ బొంతల మీద అడుగులో అడుగేసుకుంటూ బయటికి వచ్చింది.

కుక్కలను చేరదీసి ఇళ్లకు ఇచ్చేవాళ్లు ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. బెదురు కాస్త తగ్గడానికి మూడు రోజులు, ఆ ఇంటి వేళలు అర్థం కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అని నమ్మడానికి మూడు నెలలు. అన్ని కుక్కలకూ అచ్చంగా ఇదే కుదరకపోవచ్చు గానీ అలవాటుపడే దారి మాత్రం ఇదే. మీరు ఇచ్చిన గడువు ఎంత? 15 రోజులు. హాస్టల్లో చేర్చిన పిల్లవాడు 15 రోజుల్లో ఏడుపు మానకపోతే వాడి పేరు కొట్టేస్తామా?

తిండి సంగతి తేలికే. అన్నంలో ఉడికించిన కోడిమాంసమో గుడ్డో, ఉప్పూ కారం లేకుండా. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దానికి విషం. ఉడికిన ఎముక విరిగి పేగుల్లో ముల్లులా గుచ్చుకుంటుంది కనక వెయ్యకూడదు. నీళ్లగిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. పడుకోవడానికి ఎవరూ కదిలించని ఒక మూల ఉండాలి. ఇదంతా నా ఇంటి లోపలి పని, నేను చేసుకుంటాను. గుమ్మం దాటాక దానికి కావలసినవన్నీ మీ చేతుల్లో ఉన్నాయి. మెట్లు, లిఫ్టు, సెల్లార్, గేటు అన్నిటి పెత్తనమూ మీదే. వాటి బాధ్యతా మీదే.

కుక్క తాను పడుకునే చోటును పాడు చేసుకోవడానికి ఇష్టపడదు. రోజుకు మూడు నాలుగుసార్లు కిందికి దించాలి. పిల్లకుక్క అయితే ఇంకా ఎక్కువ. ఎన్ని నెలల పిల్లో దాదాపు అన్ని గంటలే అది ఆపుకోగలదు. నడక అవసరం అందుకొక్కదానికే కాదు. వాసన చూడటమే దానికి లోకాన్ని తెలుసుకునే దారి. అరగంట ఆగి ఆగి వాసన చూస్తూ నడిచిన రోజున చుక్కి ఇంటికొచ్చి ఒళ్లు మరిచి నిద్రపోతుంది. నడక తప్పిన రోజున తలుపు దగ్గరికీ బాల్కనీకీ తిరుగుతూనే ఉంటుంది. మెట్ల మీద తిప్పొద్దు, లిఫ్టు ఎక్కించొద్దు అన్నారు. నాలుగో అంతస్తులో ఉన్న కుక్క కిందికి ఎలా దిగాలి? ఈ ప్రశ్న మీ సమావేశంలో ఒక్కరికీ తట్టలేదా?

కట్టేసి గాని, మూసిన చోట గాని పెంచే కుక్కకు తగిన నడక లేకుండా చేస్తే యజమానిది నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. పెంచుకున్న జంతువును దిక్కులేకుండా వదిలేయడమూ అదే సెక్షన్ కింద నేరం. మీ కాగితానికి లోబడితే నేను చట్టం తప్పినదాన్నవుతాను. చట్టానికి లోబడితే మీ ఎదుట దోషినవుతాను. ఒక పౌరురాలిని ఇలాంటి ఇరకాటంలో పెట్టే హక్కు మీకు ఎవరిచ్చారు?

లిఫ్టు సంగతి ఇంకొంచెం చెప్పాలి. నాకు 63 ఏళ్లు, కుడి మోకాలు అరిగింది. రోజుకు నాలుగుసార్లు నాలుగు అంతస్తులు దిగి ఎక్కడం నా వల్ల కాదు. మనలాంటి ఇళ్లలో కుక్కకు తోడుగా ఉండేది ఎక్కువగా పెద్దవాళ్లే. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. ఎవరికైనా భయమైతే వాళ్లు ఎక్కిన లిఫ్టులో నేను ఎక్కను, తర్వాతి దానికి ఆగుతాను. వచ్చిన మొదటి రోజు నుంచీ అలాగే ఆగుతున్నాను. అంతకు మించి ఏం కావాలి? ఒక స్నేహితురాలి సంఘం కుక్కలను ఉదయం పది తర్వాతే కిందికి దించాలని వేళ పెట్టింది. మే నెలలో ఆ వేళకు మన సిమెంటు బండలు ఎలా ఉంటాయో మీకు తెలియదా? మనలాగా ఒళ్లంతా చెమటపట్టి చల్లబడే జీవి కాదది. నాలుక చాపి రొప్పుతూ వేడి వదలాలి. నేల మీద మన చేతి వెనకవైపు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్క అరికాళ్లను కాలుస్తుంది. తెల్లవారుజామున, పొద్దుగూకాక దించాలి. వేళలు పెట్టేటప్పుడు ఈ మాత్రం ఆలోచించనక్కర్లేదా?

మొరుగుతుందన్నది మీ పెద్ద ఫిర్యాదు. నిజమే, మొరిగింది. మొదటి వారంలో రెండు రాత్రులు రెండింటి వేళ మొరిగింది. నిద్ర చెడినవాళ్ల ఇళ్లకు నేనే వెళ్లి క్షమించమని అడిగాను. ఎందుకు మొరిగిందో కూడా వినండి. పుట్టినప్పటి నుంచి గుంపులో పడుకున్న ప్రాణి మొదటిసారి తలుపులు మూసిన చోట ఒంటరిగా పడుకుంది. కింద రోడ్డు మీద తనవాళ్లు అరిస్తే బదులు పలికింది. దాని బొంతను మా మంచం పక్కకు మార్చాం. పొద్దున, సాయంత్రం నడిపించాం. పదో రోజు నుంచి రాత్రిళ్లు చప్పుడు లేదు. ఎక్కువగా మొరిగేది రోజంతా బాల్కనీలో కట్టేసిన కుక్క, నడక లేని కుక్క, మనుషుల మధ్య మసలనివ్వని కుక్క. అలాంటి కుక్కే బెదురుతో కరుస్తుంది కూడా. మీ నిబంధనలన్నీ పాటిస్తే ఏ ఇంట్లోనైనా తయారయ్యేది సరిగ్గా అలాంటి కుక్కే. అది ఎవరినైనా కరిచిన రోజున ఆ పాపంలో సంఘానికి వాటా ఉండదా?

ఇంకొక మాట మనసులో ముల్లులా ఉంది. మా మూడో అంతస్తులో ఒక లాబ్రడార్ ఉంది. మంచి కుక్క, చుక్కికి దాన్ని చూస్తే సంబరం. ఈ నిబంధనలు దానికి వర్తించవట, ‘అది జాతి కుక్క కదండీ’ అన్నారు కార్యవర్గ సభ్యులొకరు. వేలు పోసి కొంటే పెంపుడు జంతువు, వీధిలోంచి చేరదీస్తే ఉపద్రవమా? మన ఎండకూ మన వానకూ తట్టుకునే ఒళ్లు ఊరకుక్కది. మంచుదేశాల కోసం పుట్టిన హస్కీని ఏసీ గదిలో పెంచే నగరంలో, ఈ నేల మీద పుట్టిన కుక్కకు లిఫ్టులో చోటు లేదనడం ఏ న్యాయం? ఈ తేడా నేను ఒప్పుకోను.

కుక్కంటే భయపడే తల్లులు మన మధ్య ఉన్నారు. వాళ్ల భయాన్ని నేను తేలికగా తీసుకోను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పసివాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ దృశ్యాలు టీవీలో చూసి నాలుగు రోజులు అన్నం సయించని వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ బిడ్డను తలచుకునే అడుగుతున్నాను. కుక్క గుంపుగా వీధిలో ఉంటే మన పిల్లలకు క్షేమమా, మెడకు బెల్టుతో, ఒంట్లో టీకాతో, పేరు పెట్టి పిలిచే మనిషితో ఇంట్లో ఉంటే క్షేమమా? రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. మన చేతిలో ఉన్నదల్లా ముందుగా పడే టీకాయే. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి 70కి టీకా పడితే ఆ జబ్బు పాకడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను అంతం చేయాలని కేంద్ర ప్రభుత్వం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. వీధికుక్కకు టీకా వేయాలంటే వల, బండి, నలుగురు మనుషులు కావాలి. ఏడాది తిరిగాక అదే కుక్క మళ్లీ దొరకాలి. చుక్కికి మా వంటింటి క్యాలెండరులో తేదీ రాసుకుంటే చాలు. ఒక ఇల్లు ఒక వీధికుక్కను తెచ్చుకుంటే ఆ వీధికి అంత భారం తగ్గినట్టే గదా! మీ సంఘం అలాంటి ఇంటికి అండగా నిలవాలా, జరిమానా వేయాలా?

వీధికుక్కల విషయంలో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వు మీరు చదివే ఉంటారు. దత్తత తీసుకోవాలనుకునేవారు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, దత్తతకు తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని అందులో ఉంది. అత్యున్నత న్యాయస్థానం వీధిలోకి పోనివ్వొద్దంటోంది. మీ కాగితం 15 రోజుల్లో వదిలించుకోమంటోంది. ఎవరి మాట వినమంటారు?

భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మీలాంటి సంఘాల కోసమే మార్గదర్శకాలు విడుదల చేసింది. సభ్యుల్లో అత్యధికులు చేతులెత్తినా సరే పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘానికి లేదని వాటిలో ఉంది. లిఫ్టు వాడకుండా ఆపడానికి, అందుకు డబ్బు వసూలు చేయడానికి కూడా వీల్లేదని ఉంది. పెంపుడు జంతువులను నిషేధించే సంఘాల బైలాలు చెల్లవని కేరళ హైకోర్టు 2021లో తీర్పు ఇచ్చింది. సొసైటీల చట్టం కింద నమోదైనా, పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైనా, మీ బైలాలు దేశ చట్టానికి లోబడి ఉండాల్సినవే. మిమ్మల్ని కోర్టు పేరుతో బెదిరించడం నా ఉద్దేశం కాదు. 1960 నాటి ఆ చట్టం కింద తొలి తప్పుకు వేసే జరిమానా 50 రూపాయలు దాటదు. అంత చిన్న శిక్షకు ఎవరూ భయపడరని నాకు తెలుసు. మీరు బాధ్యత గల మనుషులని నమ్మి చెబుతున్నాను.

అద్దెకుండేవాళ్ల గతి ఇంకా కష్టం. నాకు సొంత ఫ్లాటు ఉంది కనక ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నాను. పోయిన ఏడాది మా రెండో అంతస్తులో ఒక కుర్ర జంట అద్దెకుండేవాళ్లు. వానలో తడిసి వచ్చిన పిల్లకుక్కను తెచ్చుకున్నారు. డిస్టెంపర్, పార్వో జబ్బులకు టీకాలు వేయించారు, కూర్చోమంటే కూర్చోవడం నేర్పారు. ఫ్లాటు యజమానికి సంఘం నుంచి ఫోన్లు వెళ్లాయి. కుక్క ఉండాలో మీరు ఉండాలో తేల్చుకోమన్నాడు ఆయన. వేరే ఇల్లు దొరకలేదు, తీసుకునేవాళ్లూ దొరకలేదు. నాలుగో నెలలో దాన్ని ఎక్కడ దొరికిందో అక్కడే దించి వచ్చారు. ఆ అమ్మాయి మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. గిన్నెలో పెట్టిన అన్నం తినడం తప్ప దానికి ఏమీ తెలియదు. బండ్లకు అడ్డం తొలగడం తెలియదు. ఆ వీధిలోని కుక్కలు దాన్ని తమ గుంపులోకి రానివ్వవు. ఆరు రోజుల తర్వాత వాళ్లు వెళ్లి చూస్తే అక్కడ లేదు. ఆ నాడు నేను నోరు మూసుకున్నాను. ‘అద్దెకున్నవాళ్లు, మనకెందుకు’ అనుకున్నాను. ఆ తప్పు నాది. చుక్కిని తెచ్చుకోవడానికి అదీ ఒక కారణం.

తప్పు లేని కుక్క తరఫున ఇలా నిలదీయడం కొత్తేమీ కాదు. మన తెలుగు సాహిత్యానికి తొలి వాకిలి అనుకునే నన్నయ భారతంలో, ఆదిపర్వం ఆరంభంలోనే ఒక కుక్క ఫిర్యాదు ఉంది. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న తన బిడ్డను ఏ తప్పూ లేకుండా ఆయన తమ్ముళ్లు కొట్టారని సరమ అనే ఆ కుక్క నేరుగా రాజు ముందుకు వచ్చి నిలదీసింది. కుక్క కదా అని ఆ మాటను రాజు కొట్టిపారేయలేదు, కలవరపడ్డాడు. తప్పు చేయనిదాన్ని ఎందుకు కొట్టారన్నదే ఆ తల్లి ప్రశ్న. చుక్కి ఏ తప్పు చేసింది? ఎవరినైనా కరిచిందా? ఎవరి గుమ్మం ముందైనా పాడు చేసిందా? ఒక్క ఫిర్యాదు కాగితం మీద ఉంటే చూపించండి.

నా బాధ్యతలు నాకు తెలుసు. గడప దాటితే చుక్కి మెడకు బెల్టు, నా చేతిలో తాడు ఉంటాయి. పాత పేపరూ కవరూ లేకుండా కిందికి దిగను, దాని పెంట మా ఊడ్చే అమ్మ చేత ఒక్కనాడూ ఎత్తించలేదు. మున్సిపాలిటీలో నమోదుకు కాగితాలు పెట్టాను. ఇవి చేయని యజమానులు మన మధ్య ఉన్నారు. వాళ్లను పిలిచి గట్టిగా అడగండి, నేనూ మీ పక్కన నిలబడతాను. పార్కులో కుక్క పెంట వదిలేసేవాళ్ల మీద మీ కోపం న్యాయమైనదే. ఆ కోపం కుక్క మీదికి మళ్లించకండి.

ఇక మీరు చేయాల్సింది. లిఫ్టు పక్కనున్న ఆ కాగితం ముందు తీసేయండి. నోటిమాటగా సడలించి కాగితాన్ని అలాగే ఉంచితే రేపు ఇంకో అద్దె ఇంటి వాళ్ల మీద అదే వాడతారు. కొత్తగా కుక్కను తెచ్చుకున్న ఇంటికి మూడు నెలలు ఓపిక పట్టండి, ఈలోగా ఫిర్యాదు వస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. కాంపౌండులో ఒక మట్టి మూల వాటికి వదలండి. ఒక ఆదివారం పిల్లలందరినీ కిందికి పిలవండి. కుక్క ఎదురైతే పరుగెత్తకూడదని, తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు తాకకూడదని, కళ్లలోకి గుచ్చి చూడకూడదని, ముందు దాని యజమానిని అడగాలని చెప్పించండి. పశువైద్యులను పిలిపించే ఖర్చు నేను పెట్టుకుంటాను. వీధిలో వేరే కుక్క ఎదురైనా ఆ మాటలు పిల్లలకు పనికొస్తాయి. దీపావళి ముందే, రాత్రి ఎన్నింటిదాకా టపాకాయలు కాల్చాలో అందరితో మాట్లాడి తేల్చండి. కొత్త ఇంట్లో మొదటి దీపావళికి బెదిరి గేటు దాటిపోయిన కుక్కలు మళ్లీ దొరకడం కష్టం.

ఇవేవీ కుదరవంటే జనరల్ బాడీ పిలవండి. చట్టం చెప్పినదీ, మీరు రాసినదీ రెండూ అందరి ముందు చదవండి. నేను వచ్చి మాట్లాడతాను.

వచ్చే గురువారం ఉదయం ఎనిమిదింటికి చుక్కికి రెండో విడత టీకా ఉంది. నేను దాన్ని లిఫ్టులోనే కిందికి తీసుకెళ్తాను.

ఇట్లు,
నాలుగో అంతస్తులో ఉండే మీ సభ్యురాలు,
హైదరాబాద్.